ఏనుగు పరిగెడుతుందా, స్పీడుగా నడుస్తుందా? జంతువుల నడక వెనకున్న లెక్క

పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లో పడి జనాన్ని తరిమిన వీడియో వచ్చిందంటే చాలు, చూసినవాళ్లలో రెండు పార్టీలు తయారవుతాయి. అమ్మో అంత ఒళ్లు పెట్టుకుని ఎలా పరిగెత్తిందో చూడు అని ఒకరంటే, ఏనుగు అసలు పరిగెత్తలేదు, అది ఉత్త స్పీడు నడకే అని ఇంకొకరు గట్టిగా చెప్తారు. తమాషా ఏంటంటే సైంటిస్టుల్లో కూడా ఈ రెండు పార్టీలూ ఉన్నాయి, పైగా ఇద్దరి చేతిలోనూ కొలతలున్నాయి. ఆ కొలతలు ఒకదాన్నొకటి కాదనవు కూడా. మరి గొడవ ఎక్కడ అంటే, అసలు దేన్ని పరుగు అనాలి అన్న దగ్గర. అది తేలాలంటే నడక అంటే ఏంటో ముందు చూడాలి. పుట్టిన ఏడాదికే నేర్చేసుకున్నాం కదా అని దాన్ని మనం పట్టించుకోంగానీ విప్పితే చాలా సరుకుంది అందులో.

కెమెరాకి దొరికేది ఏంటి, దొరకనిది ఏంటి

కైనమాటిక్స్ అంటే కదలికని కొలిచి చెప్పడం, అంతే. ఏ కాలు ఎప్పుడు నేలకి తగిలింది, ఎంతసేపు ఆనింది, ఎంత దూరం వెళ్లి పడింది, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగింది, ఇలాంటివి. ఆ కదలిక ఎందుకు వచ్చింది, కండరం ఎంత లాగింది, నేల ఎంత ఎదురు తోసింది అనేది కైనెటిక్స్ ఖాతా. మొదటిదానికి కెమెరా చాలు. రెండోదానికి నేలలో పాతిన ఫోర్స్ ప్లేట్లు కావాలి, అంటే పైన అడుగు వేస్తే ఎంత బలం ఏ దిక్కుకి పడిందో క్షణక్షణం చెప్పే తూకాలు.

కెమెరా వరకు చూద్దాం. వీధిలో ఒక కుక్క తాపీగా జాగింగ్ లాగా పోతోంది, మీరు ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశారనుకోండి. దాని వెనక ఎడమ కాలు నేలకి తగిలిన ఫ్రేము దగ్గర మొదలుపెట్టి, అదే కాలు మళ్లీ తగిలేదాకా లెక్కపెడితే 108 ఫ్రేములు వచ్చాయి. అంటే 0.45 సెకను. దీన్ని ఒక స్ట్రైడ్ అంటారు, ఒక కాలు మొత్తం ఒక చుట్టు తిరిగి రావడం అన్నమాట. మనం మామూలుగా ఒక అడుగు అనేది ఇందులో సగమే, ఎడమ నుంచి కుడికి. ఈ రెండూ కలిపేసుకుని లెక్క రెట్టింపు చేసుకునేవాళ్లు బోలెడంతమంది.

ఆ 108 ఫ్రేముల్లో కాలు నేల మీద ఉన్నవి 48, మిగతా 60 గాల్లో. 48ని 108తో భాగిస్తే 0.44. దీని పేరు డ్యూటీ ఫ్యాక్టర్, అంటే స్ట్రైడ్ మొత్తంలో ఆ కాలు ఎంత భాగం డ్యూటీలో ఉంది అని. ఇది 0.5 దాటితే నడక, తగ్గితే పరుగు, పుస్తకాల్లో ఉండే పాత గీత ఇదే. మనుషుల నడకలో ఇది సుమారు 0.6 ఉంటుంది, అందుకే నడిచేటప్పుడు రెండు కాళ్లూ ఒకేసారి నేల మీదుండే క్షణాలు కొన్ని వస్తాయి. పరుగులో 0.5 కిందికి పోతుంది, అప్పుడు రెండు కాళ్లూ గాల్లో ఉండే క్షణాలు వస్తాయి.

ఇక మన కుక్క ఒక స్ట్రైడ్‌లో ఒక మీటరు పోయిందనుకుందాం, టైల్స్ నేల అయితే ఇది కొలవడం పెద్ద పనేం కాదు. 0.45 సెకనుకి ఒక మీటరు అంటే సెకనుకి 2.2 మీటర్లు, గంటకి 8 కిలోమీటర్లు. వేగం అంటే స్ట్రైడ్ పొడవు ఇంటూ సెకనుకి ఎన్ని స్ట్రైడ్లు, ఏ జంతువుకైనా ఇంతే, దీన్ని తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు. 2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు వేసిన అడుగులు సుమారు 41. సగటున అడుగు 2.44 మీటర్లు, సెకనుకి 4.28 అడుగులు, గుణిస్తే సెకనుకి 10.4 మీటర్లు. పొట్టి జంతువు కాళ్లు ఆడించే వేగం పెంచుకుని నెట్టుకొస్తుంది, పొడుగు కాళ్లది సాగదీసుకుని పోతుంది.

నాలుగు కాళ్లుంటే వరస ముఖ్యం

రెండు కాళ్లతో పెద్ద ఛాయిస్ లేదు. ఎడమ కుడి ఎడమ కుడి, లేదా కంగారూలా రెండూ కలిపి గెంతడం. నాలుగు కాళ్లు వచ్చేసరికి ఏది ఎప్పుడు అన్న దాంట్లోనే రకాలన్నీ పుడతాయి, గెయిట్ అనేది ఈ వరసకే పేరు. పాత సంస్కృత నిఘంటువుల్లో కూడా గుర్రం నడకల్ని ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలుగా విడగొట్టారు, అంటే కెమెరా లేని రోజుల్లోనూ దీన్ని గమనించి పేర్లు పెట్టినవాళ్లున్నారు.

బండికి కట్టిన ఎద్దు నింపాదిగా నడుస్తుంటే పక్కనుంచి చూడండి. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, ఇదీ వరస. వెనక గిట్ట వచ్చి పడబోయే చోట ముందు గిట్ట ఉంటుంది, అది సరిగ్గా ఆఖరి క్షణంలో లేచి చోటిస్తుంది. తడి రేగడి నేల మీద చూస్తే ముందు గిట్ట అచ్చు మీదే వెనక గిట్ట అచ్చు ఎక్కి ఉంటుంది, కుంటుతున్న పశువుకైతే వెనక గిట్ట అంతదాకా రాక కాస్త ఇవతలే పడుతుంది. ఆవులు, గుర్రాలు, కుక్కలు, పిల్లులు అన్నీ ఈ వరసలోనే నడుస్తాయి. కోతులు మాత్రం ఎక్కువగా వెనక ఎడమ తర్వాత ముందు కుడి వేస్తాయి.

స్పీడు పెరిగితే ట్రాట్, అంటే ఐమూలగా ఉన్న కాళ్లు జంటగా పడతాయి. ముందు ఎడమతో వెనక కుడి, తర్వాత ముందు కుడితో వెనక ఎడమ. మన కుక్క చేసింది ఇదే. ఒంటె అలా కాదు, ఒకే పక్క రెండు కాళ్లూ కలిపి వేస్తుంది, దీన్ని పేస్ అంటారు. ఒంటె ఎక్కినవాళ్లు పక్కలకి అలా ఊగిపోవడానికి కారణం అదే. ఇంకా స్పీడు పెరిగితే గాలప్, మన భాషలో దౌడు. ఇందులో రెండు వైపులా ఒకే తాళం ఉండదు, వెనక రెండూ వెంటవెంటనే, ముందు రెండూ వెంటవెంటనే పడతాయి.

ఈ దౌడు మనిషి కంటికి అస్సలు దొరకదు. యూరప్ చిత్రకారులు చాలాకాలం పాటు పరిగెత్తే గుర్రానికి ముందు కాళ్లు ముందుకి, వెనక కాళ్లు వెనక్కి బార్లా చాపి గాల్లో తేలుతున్నట్టు వేశారు. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో, లేలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడి గుర్రాల ఫారంలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 12 కెమెరాలు వరసగా పెట్టి శాలీ గార్డ్‌నర్ అనే గుర్రం దౌడుని ఫొటోలు తీశాడు. గుర్రం గాల్లో ఉండే మాట నిజమే, కానీ కాళ్లు చాపినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. (దీని వెనక స్టాన్‌ఫర్డ్ పెద్ద పందెం కాశాడని చెప్పే కథకి ఆధారాలు లేవు, బావుంటుందని అందరూ చెప్తుంటారు అంతే.) చాపినప్పుడు కూడా గాల్లో ఉండేవి చీతా, గ్రేహౌండ్ జాతి కుక్క లాంటివి. వీటికి వెన్ను విల్లులా వంగి సాగుతుంది కాబట్టి ఒక స్ట్రైడ్‌లో రెండుసార్లు గాల్లోకి లేస్తాయి. బోట్స్వానాలో చీతాల మెడకి కాలర్లు కట్టి కొలిచి 2013లో ప్రచురించిన లెక్కల్లో పై వేగం గంటకి 93 కిలోమీటర్లు తేలింది.

ఫొటోలు వచ్చాకైనా బొమ్మలు మారాయా అంటే పూర్తిగా లేదు. నడిచే జంతువుల బొమ్మల్లో కాళ్ల వరస ఎన్నింట్లో తప్పుందో హంగరీ పరిశోధకులు లెక్కపెట్టి 2012లో ప్రచురించారు. మైబ్రిడ్జ్‌కి ముందు కాలపు ఆధునిక చిత్రాల్లో 83.5 శాతం తప్పు, ఆ తర్వాతవాటిలో 57.9 శాతం. ఆదిమానవుల గుహచిత్రాల్లో? 46.2 శాతమే. వేటాడి బతికేవాడికి జంతువు కాళ్ల మీద ఉండే ధ్యాస స్టూడియోలో కూర్చున్నవాడికి ఎక్కడుంటుంది.

వెనక్కి వంగేది మోకాలు కాదు

గుర్రానికి, కుక్కకి వెనక కాలి మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ కనబడేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర, తోలు కింద దాగి ఉంటుంది, మన లాగే ముందుకే వంగుతుంది. మనం అరికాలు మొత్తం ఆన్చి నడుస్తాం, కుక్కా పిల్లీ వేళ్ల మీద నడుస్తాయి, గుర్రం అయితే ఒక్క వేలి గోరు మీద, గిట్ట అంటే అదేగా. మడమ పైకి లేచిన కొద్దీ కాలు పొడుగవుతుంది, స్ట్రైడ్ కూడా.

నడక ఒక రకం యంత్రం, పరుగు ఇంకో రకం

ఇక్కడి నుంచి కైనెటిక్స్‌లోకి అడుగు పెడుతున్నాం. నడిచేటప్పుడు ఆనిన కాలు దాదాపు నిటారుగా ఉంటుంది, ఒళ్లు ఆ కాలి మీదుగా ఒక విల్లు గీతలో పైకెక్కి కిందికి దిగుతుంది, తిరగేసిన లోలకం లాగా. సైకిల్ మీద చిన్న మిట్ట ఎక్కుతుంటే స్పీడు తగ్గి, దిగుతుంటే మళ్లీ అదే స్పీడు ఊరికే వచ్చేస్తుంది చూడండి, అచ్చం అలా. ఎత్తు పెరిగినప్పుడు వేగం తగ్గుతుంది, ఎత్తు తగ్గినప్పుడు వేగం పెరుగుతుంది, ఒకదాని శక్తి ఇంకోదానికి మారుతూ ఉంటుంది కాబట్టి కండరాలు మళ్లీ మొదట్నుంచి కష్టపడక్కర్లేదు. మామూలు స్పీడులో నడిచే మనిషి ఇలా 65 శాతం దాకా శక్తిని తిరిగి వాడుకుంటాడు.

పరుగులో ఇది తిరగబడుతుంది. కాలు ఆనగానే మోకాలు మడమ మడుచుకుంటాయి, ఒళ్లు కిందికి దిగుతుంది, అదే టైంలో వేగం కూడా తగ్గుతుంది. రెండూ ఒకేసారి తగ్గి ఒకేసారి పెరుగుతాయి కాబట్టి ఒకటి ఇంకోదానికి అప్పిచ్చే వీల్లేదు. ఆ శక్తిలో కొంత స్నాయువుల్లో (కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లలాంటివి), ముఖ్యంగా మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు సాగినప్పుడు అందులో దాక్కుని, కాలు లేచేటప్పుడు స్ప్రింగులా తిరిగొస్తుంది. కంగారూ ఇందులో సిద్ధహస్తురాలు, గెంతే స్పీడు బాగా పెరిగినా దాని ఆక్సిజన్ ఖర్చు పెద్దగా పెరగదని 1973లోనే కొలిచి చూపించారు.

కాబట్టి పరుగుకి ఇప్పుడు రెండు నిర్వచనాలు వచ్చాయి. కెమెరావాళ్లది: డ్యూటీ ఫ్యాక్టర్ సగం కంటే తక్కువ, గాల్లోకి లేవడం. ఫోర్స్ ప్లేట్లవాళ్లది: లోలకం ఆగి స్ప్రింగు మొదలవడం. మనుషుల్లో, గుర్రాల్లో, కుక్కల్లో ఈ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

నాన్న నడుస్తుంటే పిల్లాడు ఎందుకు పరిగెత్తాలి

లోలకానికి ఒక హద్దుంది. ఒళ్లు కాలి చుట్టూ విల్లులా తిరుగుతోంది కదా, ఆ వంపులో నిలబెట్టడానికి కిందికి లాగే బలం కావాలి, ఆ లాగేది గురుత్వాకర్షణ ఒక్కటే. వేగం మరీ పెరిగితే గురుత్వం చాలదు, కాలు నేల వదిలేస్తుంది. దీన్ని కొలిచే లెక్క పేరు ఫ్రౌడ్ నంబర్. వేగాన్ని వేగంతో గుణించి, గురుత్వం ఇంటూ కాలి పొడవుతో భాగించాలి. విలియం ఫ్రౌడ్ 19వ శతాబ్దంలో ఓడల ఇంజనీరు, చిన్న నమూనా పడవల్ని నీళ్ల తొట్టిలో లాగి పెద్ద ఓడ ఎలా నడుస్తుందో అంచనా వేసేవాడు. దాన్ని జంతువుల కాళ్లకి గట్టిగా పట్టించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్.

ఈ నంబర్ 1 దాటితే మామూలు నడక కుదరదు. నిజానికి అంతదాకా ఎవరూ ఆగరు, 0.5 దగ్గరే పరుగులోకి మారిపోతారు. కాలు పొడవు 0.9 మీటరున్న పెద్దమనిషికి ఆ 0.5 ఎక్కడ వస్తుందంటే సెకనుకి 2.1 మీటర్లు, గంటకి ఏడున్నర కిలోమీటర్లు. కాలు అర మీటరున్న పిల్లాడికి గంటకి 5.6 కిలోమీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. నాన్న గంటకి ఆరు కిలోమీటర్ల స్పీడులో నడుస్తుంటే ఆయన నంబరు 0.3, హాయిగా నడకలో ఉన్నాడు, చెయ్యి పట్టుకున్న పిల్లాడిది 0.57, వాడు తురుతురుమని పరిగెత్తక తప్పదు. తొందరగా నడవరా అని కసిరితే వాడేం చేస్తాడు పాపం.

చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతు. అక్కడ పెద్దమనిషికి కూడా గంటకి మూడు కిలోమీటర్ల దగ్గరే ఆ గీత వచ్చేస్తుంది, అపోలో వ్యోమగాములు నడవడం మానేసి గెంతుతూ పోవడం ఊరికే సరదా కోసం కాదన్నమాట. భూమ్మీదే మనుషుల్ని పట్టీలతో పైకి లాగి, బరువు తగ్గించి ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశారు, 1997లో ప్రచురించిన ఆ ప్రయోగంలో కూడా మారిన చోటు 0.5కి దగ్గర్లోనే వచ్చింది.

గేరు ఎందుకు మారుస్తాయి: ఖర్చా, నొప్పా

గుర్రం ట్రాట్ నుంచి దౌడుకి ఎప్పుడు, ఎందుకు మారుతుంది అన్నదానికి రెండు జవాబులున్నాయి. 1981లో హోయ్ట్, టేలర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్న గుర్రాల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి ఆక్సిజన్ కొలిచారు. ప్రతి నడకకీ ఒక చవక స్పీడు ఉంది, దానికి అటూ ఇటూ పోతే ఖర్చు పెరుగుతుంది. గుర్రాన్ని దాని మానాన వదిలేస్తే సరిగ్గా ఆ చవక స్పీడుల దగ్గరే తిరుగుతుంది, మధ్య స్పీడుల్ని ముట్టదు. అంటే ఖర్చు తగ్గించుకోవడానికే గేరు మారుస్తోంది అని చక్కగా సరిపోయింది.

పదేళ్లకి, 1991లో, అదే టేలర్ ఫార్లీతో కలిసి ఇంకో ప్రయోగం చేశాడు. గుర్రాలు ట్రాట్ నుంచి దౌడుకి మారేది ఖర్చు కలిసొచ్చే స్పీడు దగ్గర కాదు, అంతకంటే ముందే, అంటే మారినందుకు ఎక్కువ ఖర్చు పెట్టుకుంటున్నాయి. మరి లాభం ఏంటంటే, దౌడులోకి రాగానే కాళ్ల మీద పడే పెద్ద దెబ్బ తగ్గుతుంది. వీపు మీద బరువు పెడితే ఇంకా తక్కువ స్పీడులోనే మారిపోయాయి, కానీ మారే క్షణానికి కాళ్ల మీద బలం మాత్రం అదే హద్దు దగ్గర ఉంది. ఎముకలు, స్నాయువులు దెబ్బతినకుండా కాపాడుకోవడమే అసలు ట్రిగ్గర్ అని వాళ్ల వాదన. నాకైతే ఈ రెండూ కొట్టుకునే విషయాలుగా అనిపించవు, ఏ స్పీడులో ఉండటానికి ఇష్టపడుతుంది అన్నదానికి ఖర్చు, ఏ క్షణంలో మారుతుంది అన్నదానికి బలం బాగా జవాబిస్తాయి. కాకపోతే దీన్ని అన్ని జంతువులకీ ఒకే ముక్కలో అంటగట్టడం కష్టం.

ఏనుగు దగ్గర రెండు నిర్వచనాలు విడిపోయాయి

2003లో జాన్ హచిన్‌సన్ బృందం థాయిలాండ్‌లో 42 ఆసియా ఏనుగుల కీళ్ల మీద రంగు చుక్కలు పెట్టి వీడియో తీసింది. పై వేగం సెకనుకి 6.8 మీటర్లు, గంటకి దాదాపు 25 కిలోమీటర్లు. 100 మీటర్లు 15 సెకన్లలోపే, పొలం గట్ల మీద మనలో ఎంతమంది ఆ టైం కొట్టగలరో చూసుకోండి. అంత స్పీడులో కూడా కాళ్ల వరస మాత్రం మన ఎద్దు నడక వరసే, ట్రాట్ లేదు, దౌడు లేదు. నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేచిన క్షణం ఒక్కటీ లేదు. ఇంతవరకు నడక పార్టీదే గెలుపు.

కానీ డ్యూటీ ఫ్యాక్టర్ చూస్తే 0.5 కిందికి పడిపోయింది. అదెలా, 0.5 తగ్గితే గాల్లోకి లేవాలి కదా అంటే, అది రెండు కాళ్లకి. నాలుగు కాళ్లు సమానంగా పావు వంతు తేడాతో పడుతుంటే ఒక్కొక్కటి స్ట్రైడ్‌లో పావు వంతు ఆనినా చాలు, ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీదే ఉంటుంది. పైగా ఫ్రౌడ్ నంబర్ 3 దాటింది, అదే నంబర్ దగ్గర గుర్రం దౌడులో ఉంటుంది. ఇక్కడ పరుగు పార్టీకి ఊపొచ్చింది.

2010లో థాయిలాండ్‌లోనే ఇంకో బృందం 34 ఏనుగుల్ని ఎనిమిది మీటర్ల ఫోర్స్ ప్లేట్ల మీద నడిపించింది. నెమ్మదిగా పోయేటప్పుడు మంచి లోలకం. స్పీడు పెరిగాక ఎత్తుకీ వేగానికీ మధ్య ఆ ఇచ్చిపుచ్చుకోవడం బాగా పడిపోయి, స్ప్రింగు పద్ధతి కనిపించింది, అదీ గాల్లోకి లేవకుండానే. ఇంకో వింత, స్పీడు పెరిగే కొద్దీ ఒళ్లు పైకీ కిందికీ ఊగడం 3 సెంటీమీటర్ల నుంచి 1 సెంటీమీటరుకి తగ్గింది. టన్నుల బరువున్న ఒళ్లు గాల్లోకి లేచి పడితే ఎముకల మీద ఎంత దెబ్బ పడుతుందో ఊహించుకుంటే ఆ పిసినారితనం అర్థమవుతుంది. బరువు పొడవుకి ఘనంలో పెరుగుతుంది, ఎముక బలం దాని అడ్డకోత మేరకే, అంటే వర్గంలోనే పెరుగుతుంది.

కాబట్టి కాళ్ల వరస, గాల్లోకి లేవడం చూస్తే నడక. డ్యూటీ ఫ్యాక్టర్, శక్తి లెక్క చూస్తే పరుగు. నన్నడిగితే శక్తి లెక్క వైపే మొగ్గుతాను, లోపలి యంత్రం మారాక బయటి వరస మారలేదని పేరు మార్చకపోవడం సబబు కాదు. వరసే గెయిట్ అనేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే మిగతా జంతువుల్లో ఎక్కడో ఒకచోట టక్కున తెగే మార్పు కనబడుతుంది, ఏనుగులో అంతా మెల్లగా జారిపోతుంది, ఇదిగో ఇక్కడే మారింది అని వేలు పెట్టి చూపించలేం.

ఒలింపిక్స్ నడకలోనూ ఇదే చిక్కు

రేస్ వాకింగ్ రూల్ రెండు ముక్కలు. కంటికి కనబడేలా రెండు కాళ్లూ నేల వదలకూడదు, ముందు కాలు ఆనిన క్షణం నుంచి ఒంటి కిందికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. 2015లో జపాన్ అథ్లెట్ యూసుకె సుజుకి 20 కిలోమీటర్లు గంట 16 నిమిషాల 36 సెకన్లలో పూర్తిచేశాడు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. సెకనుకి 4.35 మీటర్లు. కాలు 0.9 మీటరే అని వేసుకున్నా ఫ్రౌడ్ నంబర్ 2 దాటుతుంది, 1 దాటితే నడవలేం అని పైన చెప్పుకున్నాం మరి. నడుముని తిప్పుతూ దించుతూ ఒళ్లు గీసే విల్లుని చదును చేస్తారు, వాళ్ల నడక చూడ్డానికి అంత వింతగా ఉండేది అందుకే. అయినా హైస్పీడ్ కెమెరాలో చూస్తే ఈ స్పీడుల్లో రెండు కాళ్లూ గాల్లో ఉండే క్షణాలు దొరుకుతాయి. రూల్‌లో కంటికి కనబడేలా అన్న మాట ఉండబట్టి అది తప్పు కాదు. కెమెరాతో జడ్జి చేస్తే ఎంతమంది మిగులుతారో.

అడుగుజాడల నుంచి వేగం

1976లో అలెగ్జాండర్ ఈ లెక్కనే తిరగేసి డైనోసార్ల మీద వేశాడు. ఒకే ఫ్రౌడ్ నంబర్ దగ్గర చిన్నా పెద్దా జంతువులు కాలి పొడవుతో పోలిస్తే ఇంచుమించు ఒకేలాంటి స్ట్రైడ్ వేస్తాయి, కాబట్టి స్ట్రైడ్ తెలిసి కాలి పొడవు తెలిస్తే వేగం వచ్చేస్తుంది. కాలి పొడవుకి ఆయన వాడిన అంచనా అడుగుజాడ పొడవుకి నాలుగు రెట్లు. అర మీటరు జాడ ఉందంటే తుంటి ఎత్తు రెండు మీటర్లు, స్ట్రైడ్ 2.6 మీటర్లుంటే ఆయన సూత్రంలో వచ్చేది సెకనుకి సుమారు 1.7 మీటర్లు, గంటకి ఆరు కిలోమీటర్లు, మనం కాస్త చురుగ్గా నడిచే స్పీడు. నాలుగు రెట్లు అన్నది అన్ని జాతులకీ ఒకేలా ఉండదు, బురదలో జాడ సాగిపోయి ఉండొచ్చు, జాడలు దొరికేదే తడి నేలలో కాబట్టి అక్కడ అవి జాగ్రత్తగా నెమ్మదిగా నడిచి ఉండొచ్చు కూడా. అందుకే ఈ అంకెల్ని ఆ రోజు ఆ జంతువు ఆ బురదలో ఎంత స్పీడుగా పోయింది అన్నంతవరకే చదవాలి, దాని టాప్ స్పీడు అని కాదు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. ఎముకలున్నాయి కాబట్టి దాని కాలి పొడవుకి నాలుగు రెట్ల అంచనాతో పని లేదు, టేపు పెట్టి కొలుచుకోవచ్చు. ఎంత వేగంగా నడిచిందో చెప్పాలంటే మాత్రం స్ట్రైడ్ కావాలి, అది ఎముకల్లో ఉండదు, జాడల్లోనే ఉంటుంది.